శనివారపు పాచి

గాజు మీద పాచి పెంచడం ఎంత సులువో కలీనాకు తెలిసినంతగా వర్నా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. తొట్టి మీద దీపాన్ని రోజూ నాలుగు గంటలు ఎక్కువ వెలగనివ్వాలి. ఒక్క ముక్క మేత వెయ్యవలసిన చోట రెండున్నర వెయ్యాలి. అంతే. బుధవారానికి గాజు లోపలివైపు పచ్చటి పొర కడుతుంది. శుక్రవారానికి రాళ్ళ మీద నాచు జుట్టు విరబోసుకుంటుంది. శనివారం పది గంటలకు ఇగ్నాత్ వస్తాడు.

పాచి గీకడానికే వస్తాడు. ఇంకెందుకు వస్తాడు? ఇరవై ఏడేళ్ళు కాపురం చేసి, రెండేళ్ళ కిందట విడాకులు పుచ్చుకుని, వంతెన అవతల వెస్కా అనే ఆవిడతో ఇల్లు పెట్టిన మనిషికి అస్పారుహోవో పేటలోని ఈ మూడో అంతస్తులో ఏం పని? బట్టలు పట్టుకుపోయాడు, పనిముట్లు పట్టుకుపోయాడు, ఆఖరికి కాఫీ గింజల మర కూడా పట్టుకుపోయాడు. పట్టుకుపోలేనిది ఒక్కటే, హాల్లో కిటికీ పక్కనున్న ఉప్పునీటి ఎక్వేరియం. రెండు వందల నలభై లీటర్ల తొట్టి. వెస్కా ఉండేది తొమ్మిదో అంతస్తు, లిఫ్టు నడిచే రోజులకన్నా నడవని రోజులే ఎక్కువ. ఆపైన ఆవిడకు చేపల వాసన పడదట. "తొట్టికి వాసనేమిటి, నీ ముక్కుకే ఏదో తెగులు" అని కలీనా మనసులో ఆవిడతో ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. ఎదురుపడితే మాత్రం "బాగున్నారా" అంటుంది.

మొదట్లో కలీనా కావాలని చెయ్యలేదు, ఆ మాట న్యాయంగా చెప్పుకోవాలి. యూనిఫారాలు కుట్టే కార్ఖానా నుంచి సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరి తలుపు తీస్తే, పలకరించే నోరు ఒక్కటి ఉండదు. తొట్టిలో రెండు క్లౌన్ చేపలు మాత్రం, నారింజ ఒళ్ళూ తెల్ల చారలూ వేసుకుని, గబగబా గాజు దగ్గరికి వచ్చేవి. మేత వేస్తే పైకి ఎగబాకేవి, వెయ్యకపోతే గాజుకు మూతులు ఆనించి చూసేవి. ఆమె వైపు అలా చూసే ప్రాణి ఆ ఇంట్లో మరొకటి లేదు. అందుకని వేసేది. కాసేపాగి మళ్ళీ వేసేది. తినగా మిగిలింది అడుగున కుళ్ళింది, కుళ్ళిన దాంట్లోంచి పాచి పుట్టింది. భయపడి ఫోను చేస్తే ఇగ్నాత్ వచ్చాడు. తిట్టాడు, నీళ్ళు మార్చాడు, గీకాడు, కాఫీ తాగాడు, రెండు గంటలు కూర్చున్నాడు. వచ్చే శనివారం మళ్ళీ వస్తానన్నాడు.

నిరుడు వసంతంలో పాచి తగ్గింది. మూడు వారాలపాటు అతని అయిపూ అజా లేదు. నాలుగో వారం కలీనా దీపం ఆర్పడం మరిచిపోయింది. మరిచిపోయానని ఆవిడ అంటుంది. మనం నమ్మాలి.

శనివారాలు ఎలా ఉండేవంటే, అతను చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, స్టూలెక్కి, పాత బ్యాంకు కార్డుతో గాజు గీకేవాడు. ఆమె కింద తువ్వాలు పట్టుకుని నిలబడేది.

"ఏం పెడుతున్నావే వీటికి, పెళ్ళి భోజనాలా?"

"నేనేం పెట్టాను? చిటికెడు."

"చిటికెడుకే ఇంత అడవా! గొర్రెల్ని తోలితే సాయంత్రం దాకా మేస్తాయి."

"అయితే గొర్రెల్నే తోలుకురా. నాకూ కాస్త తోడుంటాయి."

అతను నవ్వేవాడు. ఆ నవ్వు పెట్టుకుని ఆమె మంగళవారం దాకా నెట్టుకొచ్చేది. బుధవారం నుంచి మళ్ళీ కష్టంగా ఉండేది.

ఈ ఏడు పునీత ఇగ్నాత్ పండగ శనివారం నాడు పడింది. డిసెంబరు ఇరవై. ఆ పొద్దున గడపలో ఎవరు మొదట అడుగు పెడతారో, ఏడాదంతా ఆ ఇంటి మంచిచెడ్డలు వాళ్ళ కాలిని బట్టే నడుస్తాయి. కాలు మంచిదైతే ఇల్లు చల్లగా ఉంటుంది, కాకపోతే అంతే సంగతులు. ఇగ్నాత్ పేరే పండగ పేరు, అంటే అది అతని పేరు పండగ కూడా, పైగా అతని కాలు మంచిదని ఆ మెట్లవరుసలోని ఇళ్ళన్నిటికీ నమ్మకం. అతను ఇక్కడున్న రోజుల్లో తెల్లారకముందే అయిదు అంతస్తులవాళ్ళూ పిలిచేవారు. "ముందు మా ఇంట్లో అడుగు పెట్టు బాబూ, కోడలికి నెలలు నిండాయి" అని ఒకరు, "మావాడి పరీక్షలు" అని ఒకరు. కింది నుంచి పై దాకా గడప గడపా తొక్కి, జేబుల నిండా వాల్‌నట్‌లతో ఇల్లు చేరేవాడు.

నిరుడు కలీనా ఇంట్లో మొదట అడుగు పెట్టింది కరెంటు మీటరు చూసే మనిషి. పాపం అతనూ మంచివాడే, బూట్లు కూడా తుడుచుకున్నాడు. కానీ ఆ ఏడాది ఏమైంది? ఫిబ్రవరిలో మిషను సూది బొటనవేలిలో దిగింది. జూన్‌లో పై ఇంటి నీళ్ళు కప్పులోంచి కారాయి. ఏడాది పొడుగునా, శనివారాలు తప్ప, ఆ తలుపు ఎవరూ తట్టలేదు. ఈసారి ఇగ్నాత్ కాలే పడాలి. శనివారం ఎలాగూ వస్తాడు కదా, అడగనక్కర లేకుండానే పని జరిగిపోతుందని నెల రోజులుగా లోపల్లోపల మురిసిపోతోంది. కాలు పడితే రోజులు మారతాయి. ఇంకా చెప్పాలంటే కాలే తిరిగి వచ్చేస్తుందేమో. అంతదాకా పోయింది ఆవిడ ఆశ.

బుధవారం ఫోను మోగింది.

"కలీనా, ఈ శనివారం రాలేను. పేరు పండగ కదా, జనం వస్తారు. వెస్కా నిన్నటి నుంచీ వంటింట్లోనే ఉంది."

"అలాగా."

"పాచి కూడా తగ్గిపోయిందిగా పోయినసారి. ఇక కొత్త సంవత్సరం వెళ్ళాక చూద్దాం. నెలకోసారి వస్తే సరిపోతుంది."

"నెలకోసారా?"

"చాల్లే. ఇప్పుడు తొట్టి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు."

ఫోను పెట్టేసి కలీనా చాలాసేపు తొట్టి ముందు కూర్చుంది. ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. గాజు నిజంగానే శుభ్రంగా ఉంది; పండగకి ఎలాగూ వస్తాడన్న ధీమాతో ఈమధ్య దీపమూ మేతా పెంచలేదు. రెండు రోజుల్లో ఎంత మేత వేసినా ఎంత దీపం పెట్టినా అడవి మొలవదు. అప్పుడు గుర్తొచ్చింది, తొట్టి కొన్న కొత్తలో అతనన్న మాట. "అన్ని పిచ్చి పనులూ చెయ్యి గానీ, సముద్రం పక్కనే ఉంది కదా అని ఆ నీళ్ళు మాత్రం తెచ్చి పొయ్యకు. నదులు కొట్టుకొచ్చిన మురికంతా దాంట్లోనే ఉంటుంది. పాచికి పాయసం పోసినట్టే."

పాచికి పాయసం. ఆ మాట పట్టుకుంది.

గురువారం కార్ఖానాకు కడుపునొప్పి అని చెప్పి, సంతకు తీసుకెళ్ళే చక్రాల సంచీలో పది లీటర్ల డబ్బాలు రెండు పెట్టుకుని బీచికి బయల్దేరింది. ఇంటికీ ఇసుకకీ పావుగంట నడక. రబ్బరు బూట్లతో మోకాళ్ళ దాకా దిగి డబ్బాలు ముంచింది. డిసెంబరు నీళ్ళు, వేళ్ళు కొంకర్లు పోయాయి. కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకాయన ఆగి చూశాడు.

"కాలవ పక్కన బురదగా ఉంటుందమ్మా, అటువైపు ముంచుకో" అన్నాడు.

"బురదే కావాలి" అంది కలీనా.

గురువారం నాలుగు డబ్బాలు, శుక్రవారం నాలుగు. ఎనభై లీటర్లు మూడంతస్తులు మోసింది, నడుం నొప్పి మనిషి. ఇంటికి తెచ్చినవాటిని హీటరు పక్కన పెట్టి, వేలు పెట్టి చూసి, చేపలకు జలుబు చెయ్యకుండా గోరువెచ్చనయ్యాకే పోసింది. పాత నీళ్ళు తోడింది, కొత్తవి పోసింది. వెచ్చదనం గురించి అంత జాగ్రత్త పడిన మనిషికి ఉప్పు సంగతి తట్టనే లేదు. ఎలా తడుతుంది? వర్నాలో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పటి నుంచి మింగిన ఉప్పునీళ్ళన్నీ ఆ సముద్రానివే. సముద్రమంటే ఉప్పు, ఉప్పంటే సముద్రం. ఇంతకన్నా ఉప్పటి సముద్రాలుంటాయని, తన తొట్టిలో బతికేవన్నీ అక్కడి ప్రాణులేనని, ఇగ్నాత్ ఏనాడూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. తొట్టి కింద ఉప్పు పొడి బకెట్టు ఎందుకుంటుందో ఒక్కసారైనా ఆలోచించవద్దూ!

శనివారం తెల్లవారుతూనే లేచి చూసింది. పచ్చదనం ఏమీ లేదు. చేపలతోపాటు తొట్టిలో ఉండే రొయ్య రాయి పక్కన ఒరిగిపోయి ఉంది, మీసాలు కదలడం లేదు. నత్తలన్నీ గాజు వదిలి అడుగున వెల్లకిలా పడ్డాయి. అరిచెయ్యంత విప్పుకుని ఉండే పగడం పిడికిలిలా ముడుచుకుపోయింది. చేపలు రెండూ ఒక మూల, నీటి పైపొర కింద, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. కలీనాను చూసి కూడా రాలేదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఫోను చేసినప్పుడు వచ్చిన ఏడుపులో నటన రవ్వంత కూడా లేదు.

"ఇగ్నాత్, చచ్చిపోతున్నాయి."

అవతల గిన్నెల చప్పుడు, వెస్కా గొంతు ఏదో అడుగుతోంది. తర్వాత అతను, "వస్తున్నా. ఏమీ పొయ్యకు, ఏమీ వెయ్యకు" అన్నాడు.

ఎనిమిదింటికి తలుపు తట్టిన చప్పుడైంది. పరిగెత్తుకెళ్ళి తీసింది. ఇగ్నాత్ కాదు. కింది అంతస్తు గూనా మామ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్లెక్కిన ఆయాసంతో, గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"రొట్టె వేడివేడిగా తెచ్చానే అమ్మాయ్. నిరుడు ఎవడో మీటరువాడు తగలడ్డాడన్నావుగా, ఈసారి నేనే ముందు వద్దామని." అంటూ కాలు ఎత్తింది.

"ఆగు మామ్మా!" కలీనా తలుపు సగానికి మూసేసింది. గట్టిగానే అరిచింది. మామ్మ కాలు గాల్లో ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఇప్పుడు కాదు. ఇల్లు... ఇల్లు తుడవలేదు."

మామ్మ సందులోంచి ఆమె మొహం చూసింది, వెనకాల అద్దంలా మెరుస్తున్న నేల చూసింది. వెర్రిది కాదు కదా.

"నా కాలు అంత పాడుదని తెలీదులే" అంది. "ఇద్దరు మొగుళ్ళని మింగాననేగా? ఆ మాట నా మొహం మీదే అనొచ్చు, తలుపుతో చెప్పించడం ఎందుకూ."

"అయ్యో, అది కాదు మామ్మా..."

"పళ్ళెం పట్టుకో. రొట్టెకి కాళ్ళుండవు, లోపలికి రానీ."

సందులోంచి పళ్ళెం అందించి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది. ఏడాది మొత్తంలో తనంత తానుగా ఆ తలుపు తట్టిన మనిషి ఆవిడ ఒక్కతే. కలీనాకు అది తెలిసింది, సిగ్గేసింది కూడా. అయినా పిలవలేదు.

తొమ్మిదింబావుకు ఇగ్నాత్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త క్షవరం, పండగ మనిషి. కలీనా అతని మొహం చూడలేదు, కాళ్ళకేసి చూసింది. గడప దాటింది. కుడికాలే. ఆమె గుండె ఒక్కసారి నిండిపోయింది. అతను అదేమీ గమనించకుండా బూట్లతోనే తొట్టి దగ్గరికి పోయాడు.

రొయ్యను చూశాడు. పగడాన్ని చూశాడు. జేబులోంచి ఉప్పు చూసే గొట్టం తీసి, దాని కొసన ఒక చుక్క నీళ్ళు వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి కన్ను ఆనించాడు. తుడిచి, ఇంకో చుక్క వేసి, మళ్ళీ చూశాడు.

"ఉప్పు ముప్ఫై అయిదు ఉండాలి" అన్నాడు. "ఇరవై ఎనిమిది కూడా లేదు."

ఆమె తువ్వాలు అందించింది.

"మన సముద్రం నీళ్ళు పోశావా?"

ఆమె కళ్ళు మూలనున్న ఖాళీ డబ్బాల మీదికి పోయాయి.

"కలీనా, మన సముద్రంలో ఉప్పు సగమే. ఇవి పెద్ద సముద్రాల ప్రాణులు. ఎన్ని పోశావు?"

"ఎనిమిది డబ్బాలు."

"నువ్వే మోశావా? ఆ నడుంతో?"

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

"ఎందుకు?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, "ఉప్పు పొడి అయిపోయింది, కొట్టు తియ్యలేదు" అంది. అతను వంగి తొట్టి కింది తలుపు తెరిచాడు. ఉప్పు బకెట్టు మూడొంతులు నిండుగా ఉంది. తలుపు మెల్లగా మూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. దీపం ఎన్ని గంటలు వెలిగేదో, చిటికెడు మేత అంటే ఎంతో, ఈ ఏడాది శనివారాలన్నీ అతని మొహంలో ఒక్కొక్కటే తేలడం ఆమె చూసింది.

"నీ కాలు పడాలని" అంది చివరికి. "ఇవాళ."

"ఫోను చేసి రమ్మంటే పోయేది కదా."

"వచ్చేవాడివా?"

అబద్ధం ఆడడం తేలికే. ఇరవై ఏడేళ్ళలో ఆమెతో అతను ఆడిన అబద్ధాలు తక్కువేం కావు.

"రాను" అన్నాడు.

కలీనా తల ఊపింది. తెలిసిన సంగతే. తెలిసిన సంగతి చెవిన పడితే ఇంత నొప్పి ఎందుకో ఆమెకు తెలియలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి వీటికి?"

"ఉప్పు పెంచాలి. ఒక్కసారిగా పెంచితే అదీ చావే. రోజుకి కాస్త కాస్త, వారం పది రోజులు, పొద్దునా సాయంత్రం పక్కనుండి కొలుస్తూ..."

"అయితే రోజూ రావాలన్నమాట" అనేసింది. నాలుక కరుచుకునేలోపే మొహం వెలిగిపోయింది. అతను ఆ వెలుగు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

"చేపలు పెంచే నా స్నేహితుడు మిరోస్లావ్ దగ్గర ఖాళీ తొట్టి ఉంది" అన్నాడు. "ఈ ఉప్పుకే దాన్ని సరిచేసి ఉంచమంటాను. వీటిని అక్కడికి తీసుకెళతా. మళ్ళీ ఇక్కడికి తేవద్దులే కలీనా. ఎండాకాలం లోపు ఇద్దరు మనుషుల్ని తెచ్చి ఈ తొట్టి కూడా తీయించేస్తా."

"ఇవాళ ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు" అంది. "నిప్పు కూడా ఇవ్వరు. నీకు తెలుసు."

"తెలుసు. నా పండగేగా."

"పోతే ఇంటి మంచి అంతా దాంతో పోతుంది."

"ఉంటే ఇవి పోతాయి."

చేపలు నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పెద్దది ఒక పక్కకు ఒరుగుతూ, మళ్ళీ సర్దుకుంటూ ఉంది. కలీనా వంటింట్లోకి వెళ్ళింది. మూతలున్న బకెట్లు రెండు కడిగి తెచ్చి అతని ముందు పెట్టింది.

పగడం ఉన్న రాయి సులువుగానే వచ్చింది. చేపలే చిక్కలేదు. అతను వల దించిన ప్రతిసారీ, ఆ ఊపిరాడని స్థితిలో కూడా, రాళ్ళ వెనక్కి దూరాయి. అతని చెయ్యి వాటికి తెలియదు. వారానికోసారి వచ్చి ఇల్లంతా కలియబెట్టి పోయే చెయ్యి అది.

"జరుగు" అంది కలీనా. స్టూలెక్కి, చెయ్యి మడిచి, రోజూ మేత వేసే మూలలో నీళ్ళలోకి రెండు వేళ్ళు దించి కదలకుండా పెట్టింది. కాసేపటికి చిన్నది వచ్చింది. దాని వెనక పెద్దది వచ్చి ఆమె వేలిని మూతితో పొడిచింది. రెండో చేత్తో కింద నుంచి గిన్నె ఎత్తింది. రెండూ అందులోకి వచ్చేశాయి. గిన్నెను తనే బకెట్లో వంచింది.

మెట్లు దిగేటప్పుడు చెరో బకెట్టూ పట్టుకున్నారు. రాయి ఉన్న బరువు బకెట్టు అతను, చేపలది ఆమె. నీళ్ళు తొణకకుండా మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. కింద చలిగా ఉంది, సముద్రం మీంచి గాలి కొడుతోంది. అతను కారు ముందు సీటు కాళ్ళ దగ్గర రెంటినీ సర్ది, చుట్టూ తన కోటు కుక్కాడు. తెల్ల చొక్కా చెయ్యి భుజం దాకా తడిసి ఒంటికంటుకుపోయింది.

"ఇంటికెళ్ళి చొక్కా మార్చుకో" అంది. తర్వాత పొద్దుటినుంచీ అనకుండా మిగిలిపోయిన మాట అంది. "పేరు పండగ శుభాకాంక్షలు, ఇగ్నాత్. చల్లగా ఉండు."

పేరు పండగకి ముందుగా ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది, గుర్తున్నవాళ్ళు వస్తారు. శుభాకాంక్షలు చెప్పినవాళ్ళకి ఆ ఇంటాయన ఇచ్చే జవాబు ఒక్కటే, తాతల నాటి నుంచీ అదే. పొద్దుటినుంచీ ఫోన్లో ఎంతమందికి చెప్పాడో ఏమో, ఆ మాట అతని నోటివెంట దానంతటదే వచ్చేసింది.

"సంతోషం. సాయంత్రం ఇంటికి ర..."

ఆగిపోయాడు. నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, మొహం ఎర్రబడింది. పూర్తి చెయ్యలేడు, వెనక్కి తీసుకోలేడు.

"పెద్దది కాస్త నీరసంగా ఉంది" అంది కలీనా, ఏమీ విననట్టు. "మలుపుల్లో నెమ్మదిగా పోనీ."

వంగి, బకెట్టు మూత గట్టిగా పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూసి, కారు తలుపు తనే వేసింది.